మూడో చరణం

ఫిబ్రవరి 3

అక్కకు,

దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ మరదలి మోకాలు కొంచెం దారికొచ్చింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని నన్నే తిడుతోంది. బావ దగ్గు తగ్గిందా?

అసలు సంగతికి వస్తాను. మా ప్రార్థన హాలు కప్పు కారుతోందని పడగొట్టి మళ్ళీ కట్టిస్తున్నామని చెప్పాను కదా. గోడలు లేచాయి. జూన్ మొదటి ఆదివారం ప్రతిష్ఠ అనుకుంటున్నాం. ఆ రోజు పాడటానికి ఒక కొత్త పాట కావాలి. సంఘంలో పాడుకునే పాటలన్నీ కలిపి చిన్న పుస్తకం కూడా అచ్చు వేయిస్తున్నాం. నీ పాట అందులో మొదటి పేజీలో ఉంటుంది. పేరున్నవాళ్ళెవరిచేతైనా రాయిద్దామని కమిటీలో మాట వచ్చింది. మా అక్క ఉండగా బయటివాళ్ళు ఎందుకన్నాను.

పల్లవి, మూడు చరణాలు చాలు. ఒకటి హాలు కట్టిన కూలీల మీద, ఒకటి సంఘం మీద రాయి. మూడోది నీకేది తోస్తే అది. మరీ సాగదీయకు. మా ఆర్మోనియం మాష్టారికి ఊపిరి తక్కువ, ఆయన ఆర్మోనియానికి అంతకంటే తక్కువ.

ఫోను చేసి అడగొచ్చుగా అంటావు. ఫోనులో అయితే నువ్వు పాడి వినిపిస్తావు, నేను వింటూ కూర్చుంటాను, ఒక్క ముక్క రాసుకోను. కాగితం మీద పంపు.

రోజూ ప్రార్థనలో నిన్ను తలుచుకునే
తమ్ముడు


ఫిబ్రవరి 20

అక్కడ అందరికీ అయ్యగారూ, నాకు మాత్రం తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నా బుర్ర నా మాట వినడం లేదు. కూర ఉడుకుతుంటే పల్లవి, బట్టలు పిండుతుంటే చరణం. బావ రెండుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతున్నానట. దగ్గు తగ్గింది కానీ ఆ సణుగుడు తగ్గలేదు.

కుట్టు షెడ్డులో నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ముందు వరసవాళ్ళు చొక్కా కుడతారు. చివరి బల్ల మీద గుండీలు వేస్తారు. మధ్యలో గుండీ దూరడానికి కాజా తీసే మిషను నాది. చొక్కాకు ఏడు కాజాలు. మిషను ఏడుసార్లు గడగడలాడి ఆగుతుంది, చొక్కా పక్కకు పోతుంది, ఇంకోటి వస్తుంది. పదకొండేళ్ళుగా నా చెవుల్లో ఈ ఏడే. నీ ఉత్తరం అందిన మర్నాడే ఆ ఏడులోకి పల్లవి వచ్చి కూర్చుంది. నేను పిలవలేదు. కాలరు లోపల పెట్టే అట్టముక్క మీద సుద్దతో రాసుకున్నాను. మెడలో టేపు తీయదని మా సూపర్వైజరును అందరం టేపమ్మ అంటాం. ఆవిడ వెనకనుంచి వచ్చి అట్ట లాక్కుంది. చదివింది. తిరిగిచ్చేసి, అట్టలు పాడుచేయకు, చిత్తుకాగితాలు నేనిస్తాలే అంది. ఆ మనిషి నోట అంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు.

ఇదుగో పాట.

చేయు చేతుల చేవ నీవే
చేవ తగ్గిన వేళ నీవే

ఇటుక మోసే భుజము నీదే
ఇసుక తోడే చేయి నీదే
గోట సున్నము మిగులు వారల
పాట కూడా నీదె దేవా

తలుపు తెరిచే ఉంచినాము
తడిసి వచ్చే వారి కొరకై
పేరు అడగక చోటు ఇచ్చే
ప్రేమ మాకు నేర్పు దేవా

అమ్మ తలను ఒడిని ఉంచి
అడిగినాను, పలుకలేదు
పలుకకుంటే పంతమాడితి
పంతమే నా పాట దేవా

స్వరం వేరే కాగితం మీద రాశాను. ఏడు దెబ్బల నడక. మూడు, నాలుగు. చేత్తో బల్ల మీద కొట్టి చూడు, దానంతటది వస్తుంది. మొదటి రెండు చరణాలు నువ్వడిగినవే, రెండు రోజుల్లో అయిపోయాయి. మూడోదానికి పది రోజులు పట్టింది. అమ్మ పోయి ఈ నెలకు రెండేళ్ళు. ఎన్ని విధాల రాసినా అబద్ధంగానే ఉంది. చివరికి ఎలా జరిగిందో అలాగే పెట్టేశాను.

టేపమ్మ ఇచ్చిన కాగితం మీదే రాస్తున్నాను. వెనకవైపు చొక్కాల కొలతలు ఉంటాయి, చదవకు.

మీ అక్క


మార్చి 2

అక్కకు,

పాట అందింది. వీధి గదిలో కూర్చుని బల్ల మీద కొట్టుకుంటూ పాడాను. ఏమైందోనని నీ మరదలు వంటింట్లోంచి వచ్చి చూసింది. సున్నం చరణం చదువుతుంటే మా తాపీమేస్త్రీ చేతులే కళ్ళముందు కనబడ్డాయి. ఆయనకు వినిపిస్తే గోళ్ళు చూసుకుని నవ్వాడు.

పెద్దలకు చూపించాను. మొదటి రెండు చరణాలు వాళ్ళకు బాగా నచ్చాయి. మూడోది మాత్రం ప్రతిష్ఠ రోజుకు కాస్త బరువుగా ఉందని వాళ్ళ అభిప్రాయం. కొంచెం తేలిక చేయగలవా? పెద్ద మార్పేమీ అక్కర్లేదు. నీకిది చిటికెలో పని.

పల్లవి పాడి వినిపిస్తే మాష్టారు నడక గురించి ఒక మాటన్నారు. ఏడు కుంటినట్టుందట, ఎనిమిది చేస్తే అందరూ చప్పట్లు కొట్టుకోవచ్చట. అది నీ ఇష్టం.

నీ తమ్ముడు


మార్చి 12

తమ్ముడికి,

మీ పెద్దల చెవులు గట్టివే. బరువు ఎక్కడుందో నాకు తెలిసింది. మూడో చరణంలో ‘ఒడిని ఉంచి’ దగ్గర స్వరాన్ని కిందికి దించి అక్కడే ఆపాను. పదిమంది కలిసి పాడితే అక్కడ ఊపిరాడదు, నిజమే. ఇప్పుడు పైకే ఎత్తి వదిలేశాను. షెడ్డులో గుండీలు వేసే పిల్లలచేత పాడించి చూశాను, హాయిగా తేలిపోయింది. స్వరం కింద రాశాను, మాష్టారికి చూపించు. మాటలు అవే కాబట్టి మళ్ళీ రాయలేదు.

నడక మాత్రం ఎనిమిది చేయను. కుంటేవాళ్ళు కూడా ఆ హాలుకు వస్తారని చెప్పు. ముందుగా మీ ఆవిడే.

ఈ నాలుగు గీతల కోసం ఆదివారమంతా పోయింది. బావ అన్నం తనే వండుకుని, నాకు కూడా పెట్టి, మీ తమ్ముడి హాలుకు నేను కూడా కూలీనే అన్నాడు. ఆ మాట కూడా పెద్దలకు చేరవేయి.

అక్క


మార్చి 25

అక్కకు,

నేను సరిగ్గా రాయలేకపోయాను. బరువు స్వరంలో కాదు, మాటలో ఉంది. ‘పలుకలేదు’ అన్న మాట దగ్గర పెద్దలు ఆగిపోయారు. కొత్త హాలు దేవునికి అప్పగించే రోజున, దేవుడు పలకలేదని అందరం గొంతెత్తి పాడటం ఎలా? విశ్వాసంలో కొత్తగా వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?

నీకు శ్రమ ఎందుకని నేనే సర్దాను. నడక చెడలేదు, చూడు.

అమ్మ తలను ఒడిని ఉంచి
అడిగినాను, పలికినావు
పలికినందుకు పరవశించితి
పరవశం నా పాట దేవా

కొద్దిపాటి తేడాయే. అర్థం నిండుగా వచ్చిందని అనుకుంటున్నాను. పుస్తకం అచ్చుకు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది, త్వరగా జవాబు రాయి.

ఇంకొక సంగతి. పాట కింద నీ పేరు వేయాలా? మిగతా పాటలకు ఎవరి పేర్లూ వేయడం లేదు. మహిమ ఎవరికి చెందాలో నీకు తెలుసు కదా.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి కాజాల మిషను ముందు కూర్చున్నాను. నాలుగు చొక్కాలకు కాజాలు తప్పుచోట తీశాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ జరగలేదు. టేపమ్మ ఆ నాలుగూ తీసి పక్కన పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

పలికినావట. ఎప్పుడు పలికాడురా? నువ్వూ ఉన్నావుగా ఆ గదిలో. మంచం పక్క నేను, తలుపు దగ్గర నువ్వు. నీకేమైనా వినబడిందా? నాకు వినబడలేదు. అమ్మ ఊపిరి వినబడింది, అది కూడా కాసేపే.

పాటలు రాయడం నాకు పొద్దుపోక చేసే పని అని నువ్వు అనుకుంటున్నావు. చిటికెలో పని అన్నావు, ఆ రోజే అర్థం కావాల్సింది నాకు. దేవుడు నిన్ను పిలిచాడని మనవాళ్ళంతా ఒప్పుకున్నారు, తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు, అయ్యగారూ అంటున్నారు. నన్ను పిలిచాడని ఎవరూ ఒప్పుకోలేదు, నేనే ఎవరికీ చెప్పుకోలేదు. కానీ పిలిచాడు. అరణ్యంలో దేవునికి గుడారం కట్టినప్పుడు చేతిపనివాడొకణ్ణి పేరుపెట్టి పిలిచి ఆత్మతో నింపాడని మనకు చిన్నప్పుడు ఆదివారం బడిలో చెప్పింది గుర్తుందా? ప్రసంగం చేయడానికి కాదు, బంగారం చెక్కడానికి, దారాలు అల్లడానికి. అది విన్న రోజు నుంచి నాకు ధైర్యం. మనల్ని చేసినవాడు తన పోలికలో చేశాడంటే, ఏదో ఒకటి చేయకుండా మనం ఊరుకోలేకపోవడమే ఆ పోలిక అనుకుంటాను నేను. తప్పయితే దిద్దు, కానీ వాక్యం చూపించి దిద్దు.

పాట నాది కాదు, ఆయన ఇచ్చిందే. అందుకే నీకు నచ్చినట్టు మార్చే హక్కు నీకు లేదు, నాకూ లేదు. వంకర కాజా తీసి, గుండీ ఎలాగోలా దూరుతుందిలే అనడానికి నాకు చేతులు రావు.

మూడోది నీకేది తోస్తే అది అని రాసింది నువ్వే. తోచింది పంపాను.

ఆ చరణాన్ని అలా వేసేటట్టయితే నా పేరు వేయొద్దు.

అక్క


ఏప్రిల్ 15

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట బాధ కలిగింది. రెండోసారి చదివాక నీ మనసు అర్థమైంది. చివరికి పేరు వేయొద్దని నువ్వే రాశావు. ఆ తగ్గింపు మనసు చూసి దేవునికి స్తోత్రం చెప్పాను. అలాగే మార్చిన చరణంతో, పేరు లేకుండా, అచ్చుకు ఇచ్చేశాను.

ఒక్క మాట మాత్రం చెప్పాలి, తమ్ముడిగా కాదు, కాపరిగా. ఇచ్చినది దేవుడే అయినప్పుడు దాన్ని అంత గట్టిగా పట్టుకోకూడదు. పాట సంఘం కోసం. సంఘానికి ఏది మేలో పెద్దలు చూస్తారు. నా ప్రసంగాలు నేను కూడా ఎన్నిసార్లు మార్చుకున్నానో నీకు తెలియదు.

మాష్టారు వచ్చే నెల మీ వైపు వస్తున్నారు. ఆర్మోనియం తిత్తి చిరిగింది, బాగుచేసేవాడు మీ షెడ్డుకు రెండు వీధుల అవతల ఉన్నాడట. మంచి మనిషి, ఒంటరివాడు. ఒక పూట భోజనం పెట్టు. కొత్త పాట నేర్చుకున్నారు, నీకు వినిపిస్తారు.

నీ తమ్ముడు


మే 6

తమ్ముడికి,

మాష్టారు వచ్చి వెళ్ళారు. ఆర్మోనియాన్ని దుప్పటిలో చుట్టి పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. భోజనం చేశారు, బావతో దగ్గు మందుల గురించి గంటసేపు మాట్లాడారు. తర్వాత పాట వినిపించారు. బాగా పాడతారు. ఏడు నడక అలవాటయ్యాక ఇప్పుడు ఎనిమిదే కుంటుతోందన్నారు. ఆ ఒక్క మాటకు నా కడుపు నిండింది.

మూడో చరణం పాడి, ఇది చాలా ఆనందంగా రాశారమ్మా అన్నారు.  పాత చరణం పెద్దలకు ఎందుకు నచ్చలేదని అడిగాను.

“ఏ పాత చరణమమ్మా? అయ్యగారు మాకిచ్చిన కాగితంలో ఇదే ఉంది.”

కమిటీలో చర్చ జరిగిందట కదా అన్నాను.

“రెండు నెలలుగా కమిటీ కూర్చున్నదల్లా తలుపులకు ఏ రంగు వేయాలన్న దాని మీదేనమ్మా. పాట చూసే తీరిక ఎవరికుంది?”

ఆయనకు నేనేమీ చెప్పలేదు. నీ పరువు తీయలేదు. చేయి కడుక్కునే నెపంతో లోపలికి వెళ్ళి కుళాయి విప్పి నిలబడ్డాను.

ఇప్పుడు చెప్పు. ఆగిపోయిన ఆ పెద్దలు ఎవరు? అభిప్రాయపడిన ఆ పెద్దలు ఎవరు? ఒక్కరి పేరు రాయి. రెండు నెలలపాటు నేను మనసులో ఎవరెవరితోనో పోట్లాడాను. ఎవరో తెల్లగడ్డం ముసలాయన నా పాట పట్టుకుని తల అడ్డంగా ఊపుతున్నట్టు ఊహించుకుని తిట్టుకున్నాను. ఆ ముసలాయన లేనే లేడట.

పేరు వేయొద్దన్నది తగ్గింపు కాదు. ఆ అబద్ధం కింద నా పేరు వద్దన్నాను. అంటే అబద్ధం అచ్చు వేయొద్దని. ఇంత తెలుగు నీకు అర్థం కాలేదంటే నేను నమ్మను.

అక్క


మే 14

అక్కకు,

పుస్తకాలు అచ్చయి వచ్చేశాయి. హాల్లో రంగు వాసన ఇంకా పోలేదు. కుర్చీలు రావాలి, మైకు పెట్టాలి, ఒక్క నిమిషం కూర్చోవడానికి లేదు. నువ్వడిగినదానికి ఇప్పుడు జవాబు రాయలేను. ప్రతిష్ఠకు అందరూ వస్తున్నారు. అన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

తమ్ముడు


జూన్ 20

అక్కా,

ప్రతిష్ఠ జరిగింది. నువ్వు రాలేదు. ముందు వరసలో నీకూ బావకూ కుర్చీలు ఉంచాను. పాట మొదలయ్యేదాకా నీ మరదలు తలుపు వైపే చూసింది. రమ్మని రాయలేదని నీకు కోపం వచ్చి ఉంటుందని తను అంటోంది. అందరూ వస్తున్నారని రాశాను కదా, అందులో నువ్వు లేవా అన్నాను. అది పిలుపెలా అవుతుందని నన్నే తిట్టింది. తనదే నిజం.

పాట బాగా పాడారు. మూడో చరణం దగ్గర నేను పెదాలు మాత్రం కదిపాను. చుట్టూ రెండు వందల మంది పలికినావు, పలికినావు అంటున్నారు. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

పెద్దలెవరూ లేరు. నేనే.

ఎందుకో ఇప్పుడు రాస్తాను, నువ్వు చింపేసినా సరే. అమ్మ మంచం మీదున్న ఆ గురువారం నువ్వు ఫోను చేసి, రానా అని అడిగావు. వద్దు, అమ్మ లేస్తుంది, దేవుడు నాకు చెప్పాడు అన్నాను. దేవుడు నాకేమీ చెప్పలేదక్కా. చెబితే బాగుండునని నేననుకున్నాను. ఆదివారం ప్రసంగం మధ్యలో, వచ్చే వారం మా అమ్మ ఈ ముందు బల్ల మీద కూర్చుని ఉంటుందని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. సోమవారం నువ్వు నా మాట వినకుండా బయల్దేరి వచ్చావు. ఒంటిగంటకు వచ్చావు. నాలుగింటికి అమ్మ పోయింది. నీకు మూడు గంటలు మిగిల్చాను.

ఆ తర్వాత సంఘంలో ఎవరూ ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు కాబట్టి ప్రతి ఆదివారం అందరి కళ్ళలోనూ అదే కనబడుతుంది.

నీ చరణం చదివినప్పుడు, అడిగినాను, పలుకలేదు అన్న చోట, ఆ పలకనివాడు నేనే అనుకున్నాను. నన్నే అన్నావనుకున్నాను. అది రెండు వందల మంది చేత పాడించడం నా వల్ల కాలేదు. నిన్ను అబద్ధికురాలిని చేసి నేను తప్పించుకున్నాను.

తమ్ముడు


జూలై 1

తమ్ముడికి,

చింపలేదు.

నీ మీద పాట రాసేంత ఖాళీ నాకు లేదురా. ఆ చరణం ఆయనతోనే. ఆయనతో పోట్లాడటానికి నాకు చనువుంది. మూగగా ఉన్నవాడితో పంతం పట్టి కూర్చోవడం కూడా నమ్మకమే. లేడనుకుంటే ఎవరైనా పంతం పడతారా? ఆ చరణంలో నీకు కనబడాల్సింది అది. నువ్వేమో నిన్ను చూసుకున్నావు.

ఇంత రాసి, కాగితం మడిచి, మళ్ళీ విప్పాను. నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ నిజం చెబుతాను. కొంచెం నీ మీద కూడా. రాసేటప్పుడు తెలియలేదు. నీ ఉత్తరం చదివాక తెలిసింది. మూడు గంటలని నువ్వు రాశావు చూడు, అది నేను రెండేళ్ళుగా లోపల లెక్కపెట్టుకుంటున్నదే.

నాకు నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే నీ మూడో చరణంలా ఉంటుంది.

ఇంకొకటి. ఏప్రిల్ నుంచి నాకు పాట రావడం లేదు. మిషను ఏడుసార్లు ఆగుతుంది, అంతే. ఉత్త చప్పుడు. టేపమ్మ కాగితాలు ఇస్తూనే ఉంది, కుప్ప పెరుగుతోంది. నీ వల్లే అనను, అలా అనడం నీకు మరీ ఎక్కువ గొప్ప ఇచ్చినట్టవుతుంది. కానీ ఒక మాట వచ్చినప్పుడల్లా ముందే, దీన్ని ఎవరు మారుస్తారో అనిపిస్తుంది. అలా అనిపించాక మాట వెనక్కి వెళ్ళిపోతుంది. నన్ను ఆయన ఎందుకోసం చేశాడో ఆ పని ఆగిపోయింది. అన్నం తింటున్నాను, కాజాలు తీస్తున్నాను, బావతో మాట్లాడుతున్నాను. అయినా ఏ పనీ లేకుండా కూర్చున్నట్టుంది.

నువ్వు దీనికేమీ చేయలేవు. తెలియాలని రాశాను.

అక్క


ఆగస్టు 9

అక్కకు,

మా తాపీమేస్త్రీ పోయాడు. సున్నం చరణం విని గోళ్ళు చూసుకుని నవ్వాడని రాశానే, ఆయనే. వేరే చోట కడుతున్న ఇంటి గోడకు కట్టిన సారవ కర్రల మీద నుంచి పడ్డాడు. ఆసుపత్రిలో ఆరు రోజులున్నాడు. రోజూ వెళ్ళాను. భార్య నన్ను చూసినప్పుడల్లా, లేస్తాడని చెప్పండి అయ్యగారూ అనేది. నేను చెప్పలేదు. పక్కన కూర్చున్నాను, దేవుణ్ణి అడిగాను, అంతే. చెప్పనందుకు ఆమెకు కోపం వచ్చింది. ఆరో రోజున పోయాడు.

సమాధి దగ్గర రాసుకున్న ప్రసంగం తీశాను. మొదటి వాక్యం చదివాను, రెండోది చదవలేకపోయాను. కాగితం జేబులో పెట్టి నీ మూడో చరణం పాడాను. నువ్వు రాసినట్టే. నా గొంతు సంగతి నీకు తెలుసు, రెండుచోట్ల స్వరం తప్పింది. ఎవరూ కలవలేదు. ఎవరికీ ఆ మాటలు తెలియవు మరి. 

తర్వాతి వారం మేస్త్రీ భార్య ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. “ఆ పలుకలేదు అన్న పాట రాసివ్వండి. ఇన్ని రోజులూ నాకు ప్రార్థన రావడం లేదు. అది వస్తోంది” అంది. పుస్తకంలో లేదమ్మా అని సిగ్గుపడుతూ చేత్తో రాసిచ్చాను. కింద నీ పేరు రాశాను. తర్వాత ఇంకొకరు వచ్చారు. ఇప్పటికి పదకొండు కాగితాలు రాశాను.

ఈసారి నిజంగానే పెద్దలు వచ్చారు. ముగ్గురు. వాళ్ళలో ఒకాయనకు తెల్లగడ్డం కూడా ఉంది. సమాధి దగ్గర విశ్వాసం చెడగొట్టే పాట పాడానన్నారు. ఎవరు రాశారన్నారు. రాసింది మా అక్క, పాడింది నేను, పుస్తకంలో మాట మార్చింది కూడా నేనే అన్నాను. సంఘానికి సంజాయిషీ చెప్పమన్నారు. ఆదివారం నిలబడి చెప్పాను. అమ్మ గురించి మొత్తం చెప్పాను. దేవుడు చెప్పాడని నేను కల్పించిన మాట చెప్పాను. అమ్మ ఆ వారమంతా మంచం మీద ఏమేం అడిగిందో, నేను ఏమేం జవాబు చెప్పి దాటేశానో, అదీ చెప్పాను. రెండు కుటుంబాలు మధ్యలో లేచి వెళ్ళిపోయాయి. బయట నిలబడితే చేయి కలిపినవాళ్ళు తక్కువ. నీ మరదలు ఇంటిదాకా నా భుజం పట్టుకుని నడిచింది, ఆ రోజు మాత్రం తిట్టలేదు.

కమిటీ ఇంకా తేల్చలేదు. అప్పటిదాకా ఆ చరణం హాల్లో పాడొద్దన్నారు. ఇళ్ళలో పాడొద్దని చెప్పడం మరిచిపోయారు. నన్ను ఇక్కడ ఉంచుతారో లేదో కూడా తెలియదు. విచిత్రమేమిటంటే, రెండేళ్ళ తర్వాత మొదటిసారి ప్రసంగానికి కూర్చుంటే నాకు మాట వస్తోంది. నీకేమో ఆగిపోయింది. అది తలుచుకుంటే ఆ మాట కూడా తినబుద్ధి కాని అన్నంలా ఉంది.

నువ్వు వెంటనే జవాబు రాయకపోయినా సరే.

తమ్ముడు


ఆగస్టు 20

తమ్ముడికి,

మేస్త్రీ భార్యకు నా మాటగా ఏమీ చెప్పకు. నేనే వచ్చి కలుస్తాను.

నువ్వు రాసిచ్చిన కాగితం ఒకటి మాష్టారు నాకు పంపారు. ‘పంతమాడితి’ బదులు ‘పంతమాడిన’ అని రాశావు. పదకొండింటిలోనూ అలాగే రాసి ఉంటావు. తిరిగి వెళ్ళి దిద్దు. ఎవరింటికి ఏ కాగితం వెళ్ళిందో నీకు తెలుసుగా. ఎండలో తిరగడం నీకు మంచిదే.

పాట వచ్చిందా అని అడుగుతావు. నిన్న ఒక వరస వచ్చినట్టే వచ్చింది. రాయలేదు. ఉంటుందో పోతుందో చూస్తున్నాను. నీ ఉత్తరం చదివి వచ్చిందని నువ్వు సంతోషపడకు, నాకు ఇంకా చిరాగ్గానే ఉంది. పదకొండు ఇళ్ళలో మూడో చరణం, అచ్చు పుస్తకంలో నీ చరణం. ఇంకో ఇరవై ఏళ్ళ తర్వాత జనం ఏది పాడతారో నాకు తెలుసు. ఆ పుస్తకాలు చూస్తే పొయ్యిలో పెట్టాలని ఉంటుంది. పెట్టను. మొదటి రెండు చరణాలు కూడా అందులోనే ఉన్నాయి.

నిన్ను అక్కణ్ణుంచి పంపేస్తే ఇక్కడికి వచ్చేయండి. బావ గది సర్దుతున్నాడు, నేను చెప్పకుండానే.

ఇక అసలు సంగతి. అమ్మ ఆ వారమంతా ఏమేం అడిగిందో సంఘమంతా విన్నది. ఆర్మోనియం మాష్టారు విన్నారు, మేస్త్రీ భార్య విన్నది, లేచి వెళ్ళిపోయిన రెండు కుటుంబాలు కూడా సగం విన్నాయి. నేను వినలేదు. ఈ రెండేళ్ళలో నువ్వు నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

అది ఉత్తరంలో రాయకు. శనివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పు. ఒక్క మాట కూడా మార్చకుండా, అమ్మ ఎలా అడిగితే అలాగే చెప్పు. మధ్యలో ప్రార్థన మొదలుపెట్టకు.

అక్క